సునీత రిపోర్టు, నా లీటరున్నర నీళ్లు

భార్య రిపోర్టును భార్యకే తెలియకుండా దాచిన మగవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. దాచి, దాని ఫలితంగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ స్కానింగ్ సెంటర్ కుర్చీ అంచున కాళ్లు మెలేసుకుని, ముక్కోటి దేవతలనూ పేరుపేరునా పిలిచినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే అనుకుంటాను.

నాలుగేళ్ల కిందటి సంగతి. మా ఆవిడ సునీతకు నలభై దాటాయని డాక్టరమ్మ మామోగ్రామ్ రాసింది. రిపోర్టు తేవడానికి నేను వెళ్లాను. డిగ్రీ చదివినవాణ్ని కదా, మెట్ల మీదే చదివేశాను. రొమ్ము కణజాలం దట్టంగా ఉందట. చిన్న గడ్డలుంటే కనబడకపోవచ్చట. అదనంగా అల్ట్రాసౌండ్ చేయించాలట. ‘కనబడకపోవచ్చు’ అన్న మాటకు నా చదువు ‘ఉంది’ అని అర్థం చెప్పింది.

కాగితాన్ని స్కూటర్ సీటు కింద దాచి, అల్మాస్‌గూడలో ఉండే మా అక్కకు ఫోన్ చేశాను.

“తమ్మీ, దానికి మాత్రం చెప్పకు. సగం పాణం భయంతోనే పోతది.”

“మరి స్కానింగ్‌కు ఎట్ల తీస్కపోవాలె అక్కా?”

“సదువుకున్నోనివి. ఏదన్న సోంచాయించు.”

సోంచాయించాను, అంటే రాత్రంతా ఆలోచించాను. “సునీతా, నాకు కడుపుల నొస్తుంది. శనివారం స్కానింగ్ ఉంది, జర తోడొస్తవా?”

“ఏ దిక్కు నొస్తుంది?”

కుడివైపు చూపించాను. కాసేపటికి ఎడమవైపు చూపించాను.

“అయ్యో పాపం. పోదాం తియ్యి,” అంది.

ఆ మూడు రోజులూ ఆమె దగ్గితే నాకు చెమటలు పట్టేవి. గిన్నెలన్నీ నేనే తోమాను. ఆమె అన్నం వడ్డిస్తుంటే కళ్లు చెమర్చాయి. “ఉల్లిగడ్డ ఘాటు,” అన్నాను. ఆరోజు వండింది పెసరపప్పు.

శనివారం పొద్దున కౌంటర్ దగ్గర నేను నోరు తెరిచేలోపే సునీత ముందుకు వంగింది. “మేడం, ఫోన్ చేసిన కదా. నాది రొమ్ము అల్ట్రాసౌండ్. ఈయనది కడుపు.”

నేను గిర్రున ఆమె వైపు తిరిగాను. “నీకెట్ల తెలుసు?”

“రిపోర్టు నా ఫోన్‌కొచ్చింది, నువ్వు మెట్లు దిగకముందే.”

“మరి నాకు చెప్పలే?”

“నువ్వే చెప్తవేమోనని సూసిన. గిన్నెలు తోముతుంటివి, ఎందుకు ఆపాలె?”

“నాకు నొప్పి లేదే!”

“పేరు రాయించిన. నీళ్లు తాగు.”

కౌంటర్‌లో ఉన్న గుంటూరు అమ్మాయి సీసా అందించింది. “లీటరున్నర తాగాలండి. ఆపుకోలేనంతగా వస్తే చెప్పండి.”

“మరి ఆమె?”

“మేడంగారికి అక్కర్లేదండి.”

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను కళ్లు మూసుకుని నీళ్లు తాగాను.

సునీతను పిలిచారు. తలుపు దగ్గర ఆగి నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. “భయమైతుందయ్యా. నువ్వు ఈడనే ఉండు. ఎటు పోకు.”

పోలేదు. పది నిమిషాలు. ఇరవై. డాక్టరమ్మ బయటికొచ్చి, ఇంకో డాక్టరమ్మను వెంటబెట్టుకుని లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. నా లోపల ఒకవైపు హుస్సేన్‌సాగర్ నిండుతోంది, మరోవైపు గుండె ఎండిపోతోంది.

“సార్, వాష్‌రూమ్ అటు...” అంది ఆ అమ్మాయి జాలిపడి.

“నేను కదలనమ్మా.”

తలుపు తెరుచుకుంది. “దట్టంగా ఉండటం జబ్బు కాదండీ, చాలామందికి ఉంటుంది,” అంది డాక్టరమ్మ. “సున్నం గోడ మీద సుద్దగీతలాగా మామోగ్రామ్‌లో గడ్డ దొరక్కపోవచ్చు. అందుకే ఇది కూడా చూస్తాం. చిన్న నీటిబుడగ కనబడితే ఇద్దరం చూశాం, మామూలుదే. భయం లేదు.”

అక్కడే కూర్చుని ఏడ్చాను. లేచి ఏడ్చే పరిస్థితి కాదు మరి.

“ఇగ నువ్వు పో లోపలికి,” అంది సునీత, కళ్లు తుడుచుకుంటూ.

పదిహేను నిమిషాల తర్వాత నా స్కానింగ్ కూడా ముగిసి, నేను బాత్‌రూమ్ నుంచి మనిషినై బయటికొచ్చేసరికి, ఆమె నా రిపోర్టు చేతబట్టుకుని అక్కతో ఫోన్‌లో మాట్లాడుతోంది.

“ఒదినా, నాకేం లేదు. మీ తమ్మునికే కాలేయంల కొవ్వున్నదంట. ఆయనకు చెప్పాల్నా, దాచాల్నా?”

ఇకపై ఈ ఇంట్లో ఎవరి రిపోర్టూ దాచనని, లేని నొప్పిని ఏ దిక్కునా చూపించనని, ఉప్పూ నూనే లేని సొరకాయ కూర మీద చెయ్యేసి ఆ రాత్రే ప్రమాణం చేశాను.