వెచ్చటి నేల

రాయ్‌పూర్‌లో టాటీబంధ్ దాటి కొంత దూరం పోతే రోడ్డుకు ఎడమపక్క ఒక ఇనుప ఫౌండ్రీ ఉండేది. మా నాన్న అందులో అచ్చులు కట్టే మిస్త్రీ. ఆయనతో పాటు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కొన్ని కుటుంబాలే ఆ ఫౌండ్రీ పక్కన మొదట ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు. అంతకు ముందు అక్కడ వరిమళ్ళు, మళ్ళ చివర నీళ్ళు నిలిచే ఒక పల్లం తప్ప ఇంకేమీ లేవు.

ఆ నేలంతా ఒకే ఆసామిది. ఇక్కడ పాత భూస్వాములను దావూ అంటారు. మా దావూ చిన్న మనిషి, తెల్ల ధోవతి, చేతిలో వెదురుకర్ర. ఫౌండ్రీకి నేల అమ్మింది ఆయనే. పల్లం ఎవరికీ పనికిరాదు కాబట్టి ఆంధ్రావాళ్ళను పిలిచి, పూడ్చుకుని కట్టుకోమన్నాడు. కాగితం లేదు, మాటే. ఒక షరతు మాత్రం పెట్టాడు: ఇల్లు విడిచిపెట్టి పోయినవాడి నేల మళ్ళీ ఆయనది. మా వంశంలో సొంత నేల మీద పడుకున్న మొదటి మనిషి మా నాన్న. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు గాని, పని నుంచి వచ్చాక చెప్పులు విడిచి స్థలం చుట్టూ ఒకసారి నడిచేవాడు.

పల్లం పూడ్చడానికి ఫౌండ్రీ పారబోసే బొగ్గు చిట్టెం ఉండనే ఉంది. కొలిమిలో సగం కాలిన బొగ్గు, బూడిద, ఇనుప మడ్డి కలిసిన నల్లటి గడ్డలు. అందరం తట్టలతో మోశాం. పునాదుల మధ్య పోసినప్పుడు కింది పొర ఇంకా వేడిగా ఉండేది, తట్ట అడుగు నెత్తికి చురుక్కుమనేది. దావూ గట్టు మీద నిలబడి చూస్తూ, "భుఁయ్యా లా ఏక్ బర్సాత్ ఖావన్ దే, మిస్త్రీ" అన్నాడు. నేలను ఒక వానాకాలం తిననియ్యి, చల్లారాక కట్టుకో అని.

నాన్నకు ఆ మాట అర్థం కాక కాదు. అప్పటికే ఆశ్వయుజం. కార్తీకం దాటితే మూఢం, ఆ వెనకే పుష్యం. అప్పుడు తప్పితే గృహప్రవేశానికి ముహూర్తం మళ్ళీ మాఘంలోనే. అక్కకు నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి, అద్దెగదిలో కాదు. మా వరసలో అందరి లెక్కా ఇంచుమించు అదే. చిట్టెం మీద మట్టి పరిచి, దిమ్మిస కొట్టి, నేలకు ఫర్షీ రాళ్ళు వేసి, కార్తీకంలోనే పాలు పొంగించాం.

నేల వెచ్చగా ఉండడం చలి మొదలయ్యాక తెలిసింది. రాయ్‌పూర్ చలికి ఫర్షీ మీద కాలు పెట్టలేం. మా ఇంట్లో మాత్రం కాలు పెడితే పొయ్యి పక్కన గచ్చులా ఉండేది. వరసలో అన్నిటికంటే మా ఇల్లే వెచ్చన అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవారు. "మీ మిస్త్రీ ఇంటికింద కూడా కొలిమి పెట్టేడేటే?" అని ఒకామె నవ్వితే, "నీకు కావాలంటే చెప్పు, నీ ఇంటికింద కూడా ఒకటి పెడతాడు" అని మా అమ్మ అనేది. నేను కూడా ఆ నవ్వుల్లో ఉన్నాను.

మార్గశిరంలో అక్క ఆడపిల్లను కన్నది. అమ్మ లోపలి గదిని పురిటిగది చేసింది. కిటికీకి గోనెలు కొట్టింది, తలుపు సందులకు పాతచీరలు కుక్కింది, అక్క చెవుల్లో దూది పెట్టి తలకు గుడ్డ చుట్టింది. పొద్దునా సాయంత్రం సాంబ్రాణి పొగ. మంచం మీద కంటే నేల మీదే బాగుందని పక్క కిందే వేశారు. మా ఊళ్ళో బాలింతకు కుంపటి పెట్టాలి, ఇక్కడ భూదేవే కుంపటి పెట్టిందని అమ్మ మురిసింది.

నాలుగైదు రోజులయ్యాక అక్క తలనొప్పి అనడం మొదలుపెట్టింది. నేను అప్పుడే రైల్వే గూడ్స్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. సాయంత్రం వచ్చి గుమ్మం దగ్గర నిలబడి పలకరిస్తే, "తల పగిలిపోతోందిరా తమ్ముడా. ఆ ఖిడికీ కొంచెం తీవా?" అనేది.

"తీయకు. గాలి తగిల్తే సన్నిపాతం" అని అమ్మ లోపలి నుంచే కసిరేది. "మూడు కాన్పులు నాను కాదేటి కన్నది? తలనొప్పి అందరికీ వస్తాది."

"తిన్నది ఇమడటంలేదే అమ్మా."

"బాలింత కారప్పొడి మింగు, అదే ఇముడుతాది."

బిడ్డ రెండు బుగ్గలూ ఎర్రగా ఉన్నాయని, అస్సలు ఏడవదని అమ్మ అందరికీ చెప్పింది. పిల్ల ఏడవకపోవడం నాకెందుకో నచ్చలేదు. గుమ్మంలో నిలబడి ఊపిరి వినడానికి ప్రయత్నించేవాణ్ణి, వినిపించేది కాదు. అడిగితే మగాడికి పురిటిగదిలో ఏం పని అని అమ్మ కోప్పడుతుందని ఊరుకునేవాణ్ణి. డైరీలో మాత్రం రాసుకున్నాను, ఇవాళ కూడా పిల్ల ఏడుపు వినలేదని.

ఒక ఆదివారం పొద్దున్న మా ఇంటి పిల్లి తన కూనను నోట కరుచుకుని పురిటిగది తలుపు సందులో కుక్కిన పాతచీరను తోసుకుని బయటకు రావడం చూశాను. అది ఆ గదిలో బియ్యపు బస్తా వెనక, నేల మీద ఈనింది. కూనను అరుగు మీద పెట్టి లోపలికి పోయింది, ఇంకోదాన్ని తెచ్చింది, మళ్ళీ పోయింది. మొదటిది కదిలింది. రెండోది నోరు తెరిచి ఊరుకుంది. మూడోది గుడ్డపేలికలా వేలాడుతూ ఉంది. పిల్లి దాన్ని నాకి నాకి, మూతితో తోసి చూసింది. తర్వాత తనే తూలింది, గోడకు ఆనుకుంది.

 చచ్చిన కూనను గుడ్డలో పట్టుకుని పెరట్లో పళ్ళు తోముకుంటున్న నాన్న దగ్గరకు పోయాను. ఆయన దాన్ని తిప్పి చూశాడు. నోట్లోంచి వేపపుల్ల తీశాడు.

"గదిలోదా?"

"బియ్యపు బస్తా వెనకది. పెద్దది కూడా తూలుతోంది."

ఫౌండ్రీలో కొలిమి పైకెక్కి బొగ్గు పోసేవాళ్ళు ఒక్కోసారి మాటైనా అనకుండా పడిపోతారని నాన్న మాకు చాలాసార్లు చెప్పి ఉన్నాడు. బొగ్గు సరిగ్గా కాలకపోతే పుట్టే, రంగూ వాసనా లేని గ్యాసు అది. ముందు తలనొప్పి, తర్వాత వాంతి, తర్వాత నిద్ర. ఆయన ముఖం చూస్తూ ఉండగానే ఆ మూడూ నా తలలో అక్క పేరు పక్కన చేరాయి. ఆయన వంగి ఇంటి గోడ మొదట్లో అరచేయి పెట్టాడు. వెంటనే తీసేశాడు.

"మీ అమ్మ గోల పెడతాది. నువ్వు అక్కను ఎత్తు, నాను పిల్లను తీస్తాను."

అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "పురిటి స్నానం అవకుండా బాలింతని గుమ్మం దాటిస్తారేటి? ఏ కులంలో ఉందయ్యా ఇది? చలికి బిగుసుకుపోయి చస్తాది!"

"లోపలుంటే వెచ్చగా చస్తాది. తప్పుకో."

నాన్న అమ్మతో అలా మాట్లాడడం నేను అంతకు ముందు వినలేదు. అమ్మ కూడా వినలేదు. తప్పుకుంది.

అక్క కళ్ళు తెరిచి ఉన్నాయి గాని నన్ను గుర్తుపట్టినట్టు లేదు. లేపితే కాళ్ళు నిలవలేదు. భుజాన వేసుకుని బయటకు తెచ్చాను. వెనక నాన్న, రెండు చేతుల మీద పిల్ల. ఎండ పడ్డా ఆ ముఖం ముడుచుకోలేదు. ఎటు పోవాలో తెలియక అరుగు కింద నిలబడ్డాం. మా వరసలో ఇళ్ళన్నీ అదే చిట్టెం మీద కట్టినవే.

పొలం గట్టు మీద దావూ వస్తున్నాడు. నాన్న ఆయన్ను చూసి తల దించుకున్నాడు. ఇల్లు విడిచి బయట నిలబడ్డ మనిషిని నేలగలవాడు ఏమంటాడోనన్న భయం కూడా ఆ తల దించడంలో ఉంది. దావూ మా అందరినీ, తర్వాత పిల్లను చూశాడు.

"మేఁ కహే రేహేఁవ్ న, మిస్త్రీ" అన్నాడు. చెప్పాను కదా అని. అంతలోనే కర్ర పారేసి చేతులు చాపాడు. "నోనీ లా ఏతీ లాన్." పిల్లను ఇలా తీసుకురా.

వాళ్ళ ఇంటి ముందు నలువైపులా గాలి ఆడే పెద్ద వసారా ఉండేది. అందులో నులకమంచం మీద అక్కను పడుకోబెట్టాం. దావూ భార్య పిల్లను తిరగేసి అరికాళ్ళ మీద చరిచింది. ఒకసారి, మళ్ళీ, మళ్ళీ. ఏమీ లేదు. అమ్మ నేల మీద కూలబడి, "నానే చంపేను, నానే తలుపులేసేను" అంటోంది. ఆ ముసలామె వినిపించుకోకుండా పిల్ల ముఖం మీద ఊదింది, ఛాతీ రుద్దింది. చివరికి పిల్లి కూన కూతంత చిన్న చప్పుడు ఒకటి వచ్చింది. తర్వాత ఊపిరి లాగి పెద్దగా ఏడ్చింది.

నాన్న ఆ ఏడుపు విని వెనక్కి తిరిగి ఇంటికి నడిచాడు. నేను వెనకే పోయాను. గడ్డపారతో పురిటిగదిలో మొదటి ఫర్షీ రాయి లేపాడు. మట్టి కింద చిట్టెం నల్లగానే ఉంది. గాలి తగిలాక కొంచెం సేపటికి లోపల్నుంచి ఎర్రబడింది, కళ్ళు తెరిచినట్టు. పక్కింటాయన గుమ్మంలో నిలబడి, "మూఢంలో ఇంటి నేల తవ్వుతావేటి మావా? మంచి రోజు చూసుకో" అన్నాడు.

"నీ పిల్లలెక్కడ పడుకున్నారు?"

"లోపల."

"ముందు పోయి లేపు."

ఆయన పరుగెత్తాడు. ఆ రోజు వరసంతా పిల్లల పేర్లు పిలుస్తున్న కేకలే. అందరూ లేచారు. నీళ్ళు పోస్తే పేలుతుందని నాన్న ఎవరినీ బిందె తాకనివ్వలేదు. రగిలే చిట్టెం తట్టలతో మోసి కోసిన వరిమళ్ళలో పలచగా పరిచాం. దావూ తన మళ్ళు పాడవుతాయని అనలేదు. నేల ఎవరిదన్న మాట కూడా ఎత్తలేదు. వానాకాలం వెళ్ళేదాకా ఆయన కళ్ళం పక్క పాకల్లో ఉన్నాం.

పిల్ల బతికింది, అక్క కోలుకుంది. కాని ఆ చలికాలమంతా అక్క పిల్లను నిద్రపోనిచ్చేది కాదు. కాస్త కన్ను మూస్తే పాదం గిల్లేది. పిల్ల కెవ్వుమని ఏడ్చేది. అప్పుడు గుండెకు హత్తుకుని ఊరుకోబెట్టేది, మళ్ళీ కన్ను మూస్తే మళ్ళీ గిల్లేది. బావ వచ్చి చూసి, "పిల్లదాన్ని అలా హింస పెడతావేటి?" అన్నాడు. అక్క మళ్ళీ పాదం గిల్లింది. అమ్మ పక్కనుంచి, "గిల్లనీ అల్లుడూ, ఏడవనీ" అంది.