జనవరిలో ఏసీ

మా గది కాకను తలచుకుంటే ఇప్పటికీ వణుకు పుడుతుంది. జగిత్యాల మనిషి. ఈ ఎడారి దేశంలో, ఇండస్ట్రియల్ ఏరియా కూలీల క్యాంపులో, మా గది గుమ్మం బయట పాత పెయింటు డబ్బాలో నూరువరహాల మొక్క పెంచాడు. ఏసీ నుంచి కారే నీళ్లే దానికి పోసేవాడు. అందుకని జనవరిలోనూ ఏసీ ఆపనిచ్చేవాడు కాదు. మా పళ్లు టకటకలాడిన చప్పుడు ఎనభై కిలోమీటర్ల అవతలి రాస్ లఫాన్ దాకా వినబడిందంటే నమ్మండి!

"బంద్ చెయ్యి కాకా, సస్తున్నం!"

"నల్లా ఉప్పు నీళ్లకు ఆకులు మాడుతయిరా. మొగ్గ మీదుంది, జర ఓర్సుకోర్రి."

"పూస్తే ఎవలికి? ఈ ఇసుకల పిట్ట గూడ రాదు."

"వస్తది."

"శుక్రవారం దాకా చూస్తం. రాకుంటే డబ్బా చెత్తలకే!"

కాక ముఖం చిన్నబోయింది.

శుక్రవారం పొద్దున, విచ్చిన ఎర్ర గుత్తి మీద బొటనవేలంత నల్ల తేనెపిట్ట వాలింది. అందరం దుప్పట్లతోనే గుమ్మంలోకి వచ్చాం. నాకు తుమ్ము వచ్చింది. కాక గబుక్కున నా ముక్కు పట్టుకున్నాడు.

"సప్పుడు చెయ్యకు బిడ్డా, సుట్టం తింటున్నడు!"