నాన్న గొంతుకు వేసిన తాళం

గొంతు ఆపరేషన్‌తో మా నాన్నకి మాట పోయింది. బళ్లో పాఠాలూ చర్చిలో పాటలూ చెప్పిన మనిషి, చివరి రోజులన్నీ పలక మీద రాసి చూపిస్తూ గడిపాడు. ఆపరేషన్‌కి వెళ్లే ముందు తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో తలుపేసుకుని కంప్యూటర్లో ఏదో రికార్డు చేశాడు. దాన్ని జిప్ ఫైలు చేసి పాస్‌వర్డ్ పెట్టాడు. ఆపరేషన్ అయ్యాక ఏమిటని అడిగితే పలక మీద "తర్వాత" అని రాశాడు. చెప్పకుండానే పోయాడు.

అమ్మకి కావలసింది ఒక్కటే, ఆ గొంతు ఇంకోసారి వినడం. ఊళ్లో సగం మందికి పాటలు నేర్పిన మనిషిది మా ఇంట్లో ఒక్క క్యాసెట్ కూడా లేదు. "ఏలూరులో కంప్యూటర్లు నేర్పుతున్నావు కదా, ఆ మాత్రం తియ్యలేవా?" అంది. నాకు ఒళ్లు మండింది. రోజూ రైలెక్కి వెళ్లి నేను నేర్పేది టైపింగు. తాళాలు పగలగొట్టడం కాదు.

అయినా ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే కూర్చున్నాను. మా ఇన్‌స్టిట్యూట్‌లో తోటి మాస్టారు ఒక సీడీ ఇచ్చారు. అందులోని ప్రోగ్రాంకి బొమ్మలూ బటన్లూ ఏమీ లేవు. నల్ల తెర మీద కమాండ్ కొడితే, మనం చెప్పిన అక్షరాలతో ఎన్ని పాస్‌వర్డులు కుదురుతాయో అన్నీ వరసగా ఒక ఫైల్లో రాసిపెడుతుంది. ఆ ఫైలుని ఇంకో ప్రోగ్రాంకి అప్పజెబితే, అది ఒక్కొక్కటే పెట్టి చూస్తుంది. తెలిసీ తెలియక ముందు అక్షరాలన్నీ ఇచ్చేశాను. ఫైలు ఎంతవుతుందో అది ముందుగానే చెప్పింది. మా హార్డ్ డిస్కులాంటివి ఇంటి నిండా పేర్చినా చాలవు.

నాన్న అలవాటు నాకు తెలుసు. ఏ పాస్‌వర్డుకైనా ముందు ఒక పేరు, వెనక ఒక సంవత్సరం. అందుకని పేర్లు నేనిస్తే వెనక నాలుగంకెలూ అదే మార్చి మార్చి రాసేలా కమాండ్ మార్చాను. పేర్లు చెప్పమని అమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

మా పేర్లు, నాన్న పనిచేసిన ఊళ్ల పేర్లు, బైబిల్లో ఆయనకి ఇష్టమైన వాళ్ల పేర్లు, ఆఖరికి చచ్చిపోయిన మా కుక్క పేరు కూడా చెప్పింది. నాన్న పేరు దగ్గరకొచ్చేసరికి మాత్రం నోరు పెగల్లేదు. "మీ నాన్నగారి పేరు నువ్వే కొట్టుకో" అంది. మనిషే లేకపోయినా ఆ మొహమాటం పోలేదు. మధ్యలో కరెంటు పోయి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఒక్క పేరూ పనిచేయలేదు.

"నీ పేరు కూడా ఇచ్చాను, అదీ కాదు. ఇంకేముందమ్మా? సరిగ్గా ఆలోచించు!" అని విసుక్కున్నాను.

అమ్మ చాలాసేపు కొంగుతో బల్ల తుడిచింది. దుమ్మేమీ లేదు.

"నాకు ఇంకో పేరుండేది" అంది.

అమ్మది కైకలూరు అవతల కొల్లేరు ఒడ్డున ఒక పల్లె. వాళ్లది హిందూ రైతు కుటుంబం. అక్కడి బడికి మాస్టారుగా వెళ్లిన నాన్నని చేసుకున్నందుకు పుట్టింటివాళ్లు మాటలు మానేశారు. పెళ్లికి ముందు బాప్తిస్మం ఇప్పించి, మా నానమ్మే బైబిల్లోంచి ఒక పేరు ఏరి పెట్టింది. పాత పేరుతో పిలిచేవాళ్లు ఇక ఎవరూ మిగల్లేదు.

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదా!"

"ఆయనకి గుర్తుండదనుకున్నానే. అత్తయ్యగారు బాధపడతారు, ఆ పేరు ఎత్తొద్దని ఆయనే అన్నారు."

అమ్మ ఆ పేరు మెల్లగా చెప్పింది. మా అమ్మ అసలు పేరు నేను వినడం అదే మొదటిసారి. టైపు చేశాను. ఎక్కువసేపు పట్టలేదు, తాళం ఊడింది. పేరు వెనక ఉన్నది పెళ్లయిన సంవత్సరం కాదు, దానికి ముందుది. "ఆ ఏడే వచ్చారు మా ఊరి బడికి" అంది అమ్మ. తన మొహం చూడాలంటే నాకు భయమేసింది.

ఫైలు తెరిచాను. ముందు దగ్గు వినిపించింది. తర్వాత నాన్న గొంతు, కొంచెం బొంగురుగా. మైకు పనిచేస్తోందా అని తనలో తనే అనుకుని, ఒక పాట మొత్తం పాడాడు. పిల్లల కోసం అమ్మని గట్టిగా ఉండమన్నాడు. "ఇదిగో, షుగరు మాత్రలు మానకు. ఇదిగో, నా గురించి బెంగపెట్టుకోకు" అన్నాడు. అమ్మని ఎప్పుడూ అలాగే పిలిచేవాడు.

అయిపోయింది. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను. పాట వస్తున్నంతసేపూ ఊరికే కూర్చుని, మాటలు రాగానే చెవి స్పీకరుకి ఆనించి వింది. మూడోసారి పెట్టమన్నప్పుడు గానీ తను దేనికోసం వెతుకుతోందో నాకు తెలియలేదు. అది అందులో లేదు. నాకు ఏడుపొచ్చింది.

అమ్మ ఏడవలేదు. స్పీకరు వైపే చూస్తూ, "ఆ పేరు రాసుకున్నారు కదా, ఒక్కసారి పిలవొచ్చు కదండీ" అంది.