పాల్వంచ దాటాక కమ్ముకున్న నిద్ర

భద్రాచలంలో ఉండే మా చెల్లెలు కొడుక్కి పేరు పెడుతున్నామని కబురు చేసింది. ఎండాకాలం మొదలైంది, ఆదివారం. పొద్దున్నే ఖమ్మం బస్టాండులో బస్సెక్కితే ఎండ ముదరకముందే గోదావరి దాటొచ్చు. వెళ్ళాలనుకునేవాళ్ళకి ఇప్పటికీ నేను చెప్పే దారి అదే. కానీ ఆ రోజు మా ఆయన లేవలేదు.

ఆయన కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. తెల్లవారుతూనే మొదటి క్లాసు. రాత్రి భోంచేసి టీవీ ముందు కూర్చుంటే ఒంటిగంటో, రెండో. "పగలంతా వాళ్ళది, ఈ కాసేపే నాది" అనేవారు. కానీ ఆ ఏడు స్టవ్ మీద పాలు పెట్టి, కుర్చీలో కునుకు తీసి గిన్నె మాడ్చారు. మా నాలుగేళ్ళ చిన్నిని బడి నుంచి తేవడం మరిచిపోయారు. ఏమైందని అడిగితే అరిచారు. అంతకుముందు అరిచే మనిషి కాదు.

బస్సు పోయింది. "బండి మీద పోదాం, బస్సు కన్న ముందే చేరుతం" అన్నారు. ఎనిమిదిన్నరకి బయల్దేరాం, చిన్ని మా ఇద్దరి మధ్య.

వైరా, తల్లాడ దాటి ఏన్కూరులో ఆగి ఇడ్లీ తిన్నాం. చట్నీ కారంగా ఉందని చిన్ని చక్కెర అడిగింది. ఆయన వెంటవెంటనే రెండు టీలు తాగారు. హోటలాయన ఆయన మొహంలోకి చూసి, "ఏంది సారూ, నైట్ డ్యూటీ చేసొస్తున్నవా? కండ్లు గట్లున్నయ్" అన్నాడు. ఈయన నవ్వి టీ డబ్బులిచ్చారు. నాకు మాత్రం ఆ మాట కొత్తగూడెం దాకా వెంట వచ్చింది.

పాల్వంచ దాటాక అడవి. ఆకు రాల్చిన టేకు చెట్లు, అక్కడక్కడా మోదుగు పూలు, మనిషి అలికిడి లేని రోడ్డు. ఎప్పుడన్నా వెదురు లోడుతో ఒక లారీ. చిన్ని నిద్రపోయింది. ఆయన మెడ కొంచెం ముందుకి వాలినట్టనిపించి పలకరించాను.

"ఏమండీ, గోదావరి ఇంకెంత దూరం?"

"ఆఁ."

"నీళ్ళు తాగుతరా?"

"ఆఁ."

రెండోసారి కూడా అదే "ఆఁ" వినేసరికి ఆయన నా మాట వినట్లేదని తెలిసింది. బండి మెల్లగా కుడివైపుకి జరుగుతోంది. ఎదురుగా వెదురు లారీ, హారన్ మోగుతూనే ఉంది. ఆయన వీపు మీద బలంగా కొట్టి, పెళ్ళయ్యాక మొదటిసారి పేరు పెట్టి అరిచాను. హ్యాండిల్ ఎడమకి తిరిగింది. రోడ్డు దిగి ఎండుటాకుల్లో పడ్డాం. వెదురు కొసలు ఊపుకుంటూ లారీ ఆగకుండా పోయింది. చిన్ని ఏడవలేదు. అది నోరు తెరిచి ఏడ్చేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

పక్కనే ఇప్పపూలు ఏరుతున్న ఒకామె బుట్ట దించి పరుగెత్తుకొచ్చింది. "దెబ్బలు గిట్ల తాకినయా బిడ్డా?" అని చిన్నిని ఎత్తుకుని, దగ్గర్లోనే ఉన్న తన ఇంటికి తీసుకెళ్ళింది. ఆయన బండి తోసుకుంటూ వెనకాల వచ్చారు. గీరుకుపోయిన నా మోచేతికి తడిగుడ్డ కట్టింది. సెల్ తీసి చూశాను, సిగ్నల్ లేదు.

"కంట్ల దుమ్ము పడ్డది, గంతే. పోదాం పా" అన్నారాయన.

బండి తాళం తీసి నా కొంగున ముడేసుకున్నాను. "మీరు పోతే పోండి. నేను, చిన్ని రాము."

"ఆడ ఫంక్షన్ అయిపోతది."

"కానియ్యండి."

ఇంకేదో వాదించబోతూ నులకమంచం మీద కూర్చున్నారు. ఆ మాట పూర్తి కాకుండానే పక్కకి ఒరిగిపోయారు. ఎండ నెత్తి మీదకొచ్చి, వాకిలి దాటి వాలిపోతున్నా కదల్లేదు. మొహం మీద ఈగలు వాలినా కదల్లేదు. రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. "నాయిన ఎప్పుడు లేస్తడు?" అని చిన్ని అడిగితే దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను.

"లేపకు బిడ్డా. ఎన్ని దినాల నిద్రనో అది" అందా ఇంటామె.

పొద్దు వాలాక లేచారు. తానెక్కడున్నదీ ఆయనకి కాసేపు తెలియలేదు. నా మోచేతి కట్టు చూసి, "లారీని నేను చూడలే" అన్నారు. "హారన్ గూడ వినలే."

బండి వాళ్ళ వాకిట్లోనే వదిలి, వచ్చిన బస్సుని చెయ్యెత్తి ఆపాం. భద్రాచలం చేరేసరికి దీపాలు పెట్టారు. పేరు పెట్టడం మధ్యాహ్నమే అయిపోయింది. చెల్లెలు మాకోసం అన్నం దాచి ఉంచింది. బండి తర్వాత తెచ్చిస్తానన్నాడు చెల్లెలి భర్త.

మర్నాడు పది గంటలకి ఖమ్మం బస్సెక్కాం. "టీవీ తీసి అటక మీద పెట్టేద్దాం" అన్నారాయన. సరేనన్నాను. నెల తిరిగాక ఆ మాట నిలబడుతుందో లేదో ఆ రోజు నాకు తెలియదు. సారపాక దాటకముందే నా భుజం మీద నిద్రపోయారు.

చిన్నప్పుడు ఈ అడవంటే పులులుంటాయని భయపడేదాన్ని. ఆ ప్రయాణంలో చెట్ల వైపు అసలు చూడలేదు. ముందు అద్దంలో డ్రైవర్ కండ్లే చూస్తున్నాను. మొండికుంట దగ్గర డ్రైవర్ ఆవులించాడు. కాసేపటికి మళ్ళీ ఆవులించాడు. నా భుజం మీది మా ఆయన తలని కిటికీకి ఆనించి, చిన్నిని ఆయన ఒళ్ళో పడుకోబెట్టి లేచాను. ఇంజన్ పక్కన ఖాళీగా ఉన్న సీట్లో కూర్చున్నాను.

"అన్నా, రాత్రి నిద్ర పోయినవా?"

"ఏడ పోయిన చెల్లే, డబుల్ డ్యూటీ" అన్నాడు.

ఖమ్మం వచ్చేదాకా ఆ డ్రైవర్‌తో మాట్లాడుతూనే ఉన్నాను.