నారింజ వాసన రాని నిద్ర

"ఆ బిళ్ల నీ సంచిలో పెట్టేసుకో అమ్మాయ్, నా ముందు విప్పకు. నారింజ బిళ్లే కదా? కాగితం తియ్యకముందే తెలిసిపోతుంది నాకు. నువ్వు ప్రేమగానే తెచ్చావు, కాదనను. కానీ ఆ వాసన తగిలిందంటే పొద్దున తిన్నది కూడా బయటికొచ్చేస్తుంది."

నేను బిళ్లను సంచి అడుగుకు తోసేశాను. ఆమె చేతిలోని చిన్న దుప్పటిని ముక్కు దగ్గరికి తీసుకుని, ఎండ వాసన చూసుకుని, నెమ్మదించి, మళ్లీ సూది అందుకుంది. ఆదివారం మధ్యాహ్నం. సైకిళ్లు బాగుచేసే కొట్టు మీద ఆమెది ఒకటే గది. కిటికీకి కట్టిన తాడు మీద పద్నాలుగు చిన్న దుప్పట్లు ఆరుతున్నాయి. వారమంతా వాటి మీద పడుకునే పిల్లలు ఆమెవాళ్లు కారు. అయినా అంచులు ఊడితే ఇంటికి తెచ్చి తనే కుడుతుంది. అక్కడ ఎవరూ కుట్టరు, పడేస్తారు.

బట్టల ఫ్యాక్టరీ వెనక వైపున్న పిల్లల గదిలో ఆమె పదహారేళ్లుగా ఆయా. మిషన్ల మీద కూర్చునే తల్లులు పొద్దున్నే పిల్లల్ని అప్పగించి పోతారు. పాలు మానినవాళ్ల నుంచి బడి ఈడు రానివాళ్ల వరకు అందరూ ఆ గదిలోనే. ఆమెను జోజో అమ్మమ్మ అంటారు. ఒకటిన్నర నుంచి మూడున్నర దాకా వాళ్లందర్నీ పడుకోబెట్టడం ఆమె పని. ఆ గదికి ఒక గోడ మొత్తం అద్దం. అద్దానికి అవతల ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చుని ఆయాల మీద పెత్తనం చేసే ఆవిడ గాజుగది మేడమ్.

ఆ అద్దం ఎందుకో నాకు అర్థం కాలేదు. పిల్లల్ని కనిపెట్టుకోవడానికేమో అన్నాను. జోజో అమ్మమ్మ నవ్వింది. బాగా పులిసిన నవ్వు అది.

మూడు నెలలకోసారి సరుకు కొనే కంపెనీ వాళ్లు చూడ్డానికి వస్తారట. హాలు చూస్తారు, మరుగుదొడ్లు చూస్తారు, చివర్న అద్దంలోంచి పిల్లల్ని చూస్తారు. సరిగ్గా రెండింటికి. ఆ వేళకి పిల్లలంతా వరసగా నిద్రపోతూ కనబడాలి. ఏడ్చే పిల్లలుంటే ప్రశ్నలు పుడతాయి, నిద్రపోయే పిల్లలుంటే సంతకాలు పడతాయి. "కొట్టులో బొమ్మలు సర్దినట్టు సర్దాలి," అంది ఆమె. "మనుషుల పిల్లల్ని అమ్మా. ఛీ."

ఆ వరసలో ఇమడనివాడు ఒకడొచ్చాడు. రెండేళ్లు నిండటానికి ఇంకో నెల ఉంది. కాలర్లు కుట్టే అమ్మాయి కొడుకు. మిగతా ఆయాలు వాడికి గుడ్లగూబ అని పేరు పెట్టారు. ఆమె మాత్రం బుడ్డోడు అనే అనేది. అందరూ పడుకున్నాక వాడు కళ్లు పత్తికాయల్లా విప్పుకుని కప్పు కేసి చూసేవాడు. తర్వాత సన్నగా రాగం తీసేవాడు. పక్కవాడు లేచేవాడు, వాడి పక్కది లేచేది. ఎత్తుకుని తిప్పితే ఎప్పుడో రెండు దాటాక భుజం మీద వాలేవాడు. మెల్లగా చాప మీదికి దించి, హమ్మయ్య అనుకునేలోపు లేచి కూర్చునేవాడు. మూడు వారాలు ఇదే తంతు. నడుం పడిపోయిందంటుంది ఆమె.

నాలుగో వారం ఆమె పన్ను పీకించుకోవడానికి రెండు రోజులు సెలవు పెట్టింది. మూడో రోజు బుగ్గ వాపుతోనే వెళ్లింది. ఒకటిన్నరకి బుడ్డోడు నిద్రపోయాడు. మొదట సంతోషపడింది. ఆ తర్వాత దుప్పటి కప్పడానికి వంగింది.

"నోటి దగ్గర నారింజ వాసన. పండు వాసన కాదు, సీసా వాసన. పెదవి మూల జిగట. చెయ్యెత్తి వదిలాను. దబ్బున పడింది. నిద్రపోయే పిల్లాడి చెయ్యి అలా పడదమ్మా. నిద్రలో కూడా వాడి చెయ్యి వాడిదే, తన బరువు తను చూసుకుంటుంది. ఇది తడిగుడ్డ పడ్డట్టు పడింది."

జలుబు మందు. జలుబు లేని పిల్లాడికి, మత్తు కోసం. పోసింది చిన్న ఆయా. పొయ్యమని సీసా తెచ్చి అలమరలో పెట్టింది గాజుగది మేడమ్. జోజో అమ్మమ్మ ఆ సీసా పట్టుకుని అద్దం తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. మేడమ్ గోళ్లు కత్తిరించుకుంటోంది. తల ఎత్తకుండానే చెప్పింది, అది పిల్లల మందే, విషం కాదు, ఇళ్లల్లో అందరూ పోస్తారు అని. వచ్చే శుక్రవారం కంపెనీ వాళ్లొస్తున్నారు, ఆ రోజుకి వాడు వరసలో నిద్రపోతూ ఉండాలి అంది.

"అప్పటికి నువ్వు పడుకోబెడితే నువ్వు. లేకపోతే సీసా. రెండూ వద్దంటే వాళ్లమ్మని ఇంట్లో కూర్చుని పడుకోబెట్టుకోమను," అని గోరు ముక్కల్ని బల్ల మీంచి నేలకు ఊదింది.

ఆ గోరు ముక్కలు ఊడ్చింది కూడా తనేనని చెప్పేటప్పుడు జోజో అమ్మమ్మ మొహం ముడుచుకుపోయింది. కాలర్ల అమ్మాయికి మొగుడున్నాడు గానీ సంపాదన నిలకడ లేదు. ఆ మిషన్ మీద సీటు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. కాబట్టి ఇక ఉన్నది ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో వాడికి నిద్ర నేర్పాలి, లేదా వాడి నోట్లో ఆ మందు పొయ్యడం చూస్తూ నిలబడాలి.

ఇక్కడ ఆమె ఆగిపోయింది. దారం తెంపింది, ముడి వేసింది, ఆ ముడి విప్పి మళ్లీ వేసింది. నేను ఇంకో సూదికి దారం ఎక్కిస్తూ కూర్చున్నాను. తొందరపెడితే ఆమె మాట మార్చేస్తుందని నాకు తెలుసు.

"నన్ను పెద్ద పుణ్యాత్మురాలిలా చూడకు," అంది చివరికి. "చేరిన కొత్తలో నేనూ పోశాను."

అప్పట్లో ఒక ముసలి ఆయా ఉండేది. సీసా మూతతో సగం చాలు, పాలల్లో కలిపెయ్, నీకు రెండు గంటలు హాయి అని నేర్పింది. ఈమె కలిపింది, ఒక పిల్లకి వారం పాటు. శనివారం నాడు ఆ పిల్ల మూడున్నరకి లేవలేదు. నాలుగింటికి లేవలేదు. మొహం మీద నీళ్లు చల్లారు, అరికాళ్లు రుద్దారు. అయిదు దాటాక కళ్లు తెరిచి, ఎవరినీ చూడకుండా మళ్లీ మూసింది. అయిదున్నరకి తల్లి వచ్చింది. మా బంగారం ఇవాళ బాగా నిద్రపోయినట్టుందే అని ముద్దుపెట్టుకుని, ఈమెకి దండం పెట్టి వెళ్లింది.

"ఆ దండం అమ్మా. దానికన్నా చెప్పు తీసి కొట్టినా బాగుండేది. ఇంటికొచ్చి సబ్బు పెట్టి చేతులు ఎన్నిసార్లు కడిగానో. పోలేదా వాసన. నా మీద నాకు పుట్టిన రోత అది. ఎక్కడికి పోతుంది?"

ఆ పిల్ల బాగానే ఉంది. ఇప్పుడు ఫ్యాక్టరీ ముందునుంచే కాలేజీకి వెళుతుంది. ఈమెను చూసి నవ్వదు, ఎవరో తెలియదు కదా.

సరే, ఆ ఎనిమిది రోజుల సంగతి. బుడ్డోడు మిగతావాళ్లని లేపేస్తున్నాడని మొదటిరోజే ఆమె వాడిని ఎత్తుకుని హాలు వెనక వసారాలోకి పోయింది. గోడకి వీపు ఆనించి కూర్చుంది. గోడకి అవతల అరవై మిషన్లు. వీపంతా జుమ్ముమంటోంది. పిల్లాడు పది నిమిషాల్లో బరువెక్కాడు. ఇంత సద్దులో ఎలా పడుకున్నాడురా వీడు అనుకుంది. రెండున్నరకి టీ గంట కొట్టారు, మిషన్లు ఆగాయి, వీడు టక్కున కళ్లు తెరిచాడు. గంటను తిట్టుకుంది.

రెండో రోజు కూడా అక్కడే కూర్చుంది. రెండింటికి హాల్లో కరెంటు పోయింది. గంట లేదు, కేక లేదు, మిషన్లు ఆగిపోయాయంతే. వాడు కళ్లు తెరిచాడు.

"అప్పుడు వెలిగింది నాకు. అందరు పిల్లల్నీ సద్దు లేపుతుంది. వీణ్ని సద్దు ఆగడం లేపుతోంది."

మర్నాడు భోజనాల వేళ తల్లిని అడిగింది. ఆ అమ్మాయి సిగ్గుపడుతూ చెప్పింది. ఉద్యోగంలో చేరకముందు ఇంట్లోనే కాలర్లు కుట్టేదట. పుట్టిన రెండో నెల నుంచీ పిల్లాణ్ని ప్లాస్టిక్ టబ్బులో బట్టలు పరిచి మిషన్ కాళ్ల దగ్గరే పడుకోబెట్టేదట. "మిషన్ ఆపితే లేచేస్తాడు పెద్దమ్మా, అందుకే వాడు పడుకున్నంతసేపూ కుడుతూనే ఉండేదాన్ని," అందట.

ఇందులో జోజో అమ్మమ్మకి గుచ్చుకున్న ముల్లు ఇంకొకటుంది. పిల్లల గదికీ హాలుకీ మధ్య ఒక పాత కిటికీ ఉంది. దాని సందుల్లో కత్తిరింపు గుడ్డపీలికలు కుక్కి, చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం చేసింది ఎవరో కాదు, తనే. పదహారేళ్లుగా ఆ నిశ్శబ్దం చూసుకుని మురిసిపోయేది. ఆ రోజు స్టూలెక్కి పీలికలన్నీ పీకేసింది. ఏళ్లనాటి నూనె మురికి, దుమ్ము, చచ్చిన బొద్దింకలు. చెబుతూ ఇప్పుడు కూడా వేళ్లు దులుపుకుంది. వాడి చాప ఆ కిటికీ కిందికి మార్చింది. మిగతా పిల్లలకి రెండు రోజుల్లో ఆ సద్దు అలవాటైపోయింది.

అంతటితో అయిపోలేదు. రోజూ ఒకే వరస పెట్టింది. మొహం, కాళ్లు కడగడం, గుక్కెడు నీళ్లు, తెర వెయ్యడం, వాడి దుప్పటే వాడికి, ఒకే పాట. ఆ పాటలో రెండు ముక్కలే వచ్చు ఆమెకి, వాటినే తిప్పితిప్పి పాడేది. ఒకసారి చాప మీద పెట్టాక మళ్లీ ఎత్తలేదు. మొదటిరోజు ఇరవై నిమిషాలు ఏడ్చాడు. వీపు మీద చెయ్యి వేసి పక్కనే కూర్చుంది, అంతే. రెండోరోజు పన్నెండు నిమిషాలు. టీ గంటకి ముందే వాడి దగ్గరికి చేరి, మిషన్లు ఆగిన పది నిమిషాలూ మిషన్ వేగంతోనే వీపు మీద తట్టేది, నోటితో సన్నగా టకటక అంటూ. వాడు కదిలేవాడు, మూలిగేవాడు, మళ్లీ మునిగేవాడు. ఒకరోజు తట్టడం తగ్గించింది, మర్నాడు చెయ్యి మాత్రం ఉంచింది. ఇంట్లో కూడా అదే వరస పెట్టమని తల్లికి చెప్పింది. పడుకునే ముందు మొహం మీద ఫోన్ పెట్టొద్దంది, తండ్రి రాగానే గాల్లోకి ఎగరెయ్యడం మానమంది. తండ్రికి కోపం వచ్చిందట. వస్తే రానీ అంది ఆమె.

గురువారానికి వాడు తనంతట తనే పడుకుంటున్నాడు. టీ వేళ మాత్రం ఇంకా నమ్మకం లేదు.

శుక్రవారం రెండింటికి వాళ్లొచ్చారు. సెంటు వాసనలు, మెత్తటి బూట్లు. అద్దం అవతల మేడమ్ కొత్త బట్టల్లో, ఎన్నడూ లేని నవ్వుతో. అప్పుడు అతిథులు మాట్లాడుకోవడానికి ఇబ్బంది అని మేనేజరు హాల్లో మిషన్లన్నీ ఆపించాడు. ఈమెకి ఎవరూ చెప్పలేదు. ఈమె గది ఆ చివర ఒక పిల్ల ముక్కు తుడుస్తోంది.

జుమ్ము ఆగిపోయింది. కిటికీ కింద బుడ్డోడు తల ఎత్తాడు.

అద్దంలోంచి మేడమ్ చూపు వాడి మీద పడింది, అక్కణ్నుంచి అలమరలో సీసా మీదికి పోయింది. పరిగెడితే మిగతావాళ్లు లేస్తారు. ఈమె పిల్లల మధ్య నుంచి మునివేళ్ల మీద నడిచి వెళ్లి, కూలబడి, వీపు మీద చెయ్యి వేసింది. టకటకటక. వాడు ఒక కన్నుతో ఈమెను చూశాడు. ఆ కన్ను మూతపడటానికి ఎంతసేపు పట్టిందో తెలీదు, తట్టడం మాత్రం ఆపలేదు. తల దించాడు. వచ్చినవాళ్లలో ఒకాయన అద్దానికి ఆనించి ఫోటో తీశాడు.

ఇప్పుడా ఫోటో పటం కట్టించి గేటు దగ్గర తగిలించారు. కింద 'ప్రేమతో నిద్రపుచ్చే చేతులు' అని రాయించారు. నేనూ ఆ దారిన వెళుతూ చూశాను, బాగుందనే అనుకున్నాను. అదే మాట అన్నాను.

"బాగుందా? రేపు మళ్లీ చూడు. నా తల వెనక అలమర ఉంటుంది. రెండో అరలో సీసా. చక్కగా పడింది, నారింజ రంగుతో సహా. వచ్చేపోయే వాళ్లంతా నా చేతులు చూసి మెచ్చుకుంటారు, సీసా ఒక్కళ్లకీ కనబడదు. ఆ పటం కిందినుంచి వెళ్లాలంటే కంపరం నాకు."

బుడ్డోడు మందు లేకుండా నిద్రపోతున్నాడు. దుప్పటి తన్నేసి, నోరు తెరిచి, చొల్లు కారుస్తూ. ఆ చొల్లు తలుచుకున్నప్పుడు ఒక్కసారే ఆమె మొహం విచ్చుకుంది. కానీ పోయిన వారం కొత్తగా ఇద్దరు చేరారు. అందులో ఆడపిల్ల నోటి దగ్గర మళ్లీ అదే వాసన. ఈమె సీసాని తీసుకెళ్లి తూములో ఒంపేసింది. మర్నాటికి ఇంకొకటి వచ్చింది. ఒక్కొక్కడికి వారం వారం కూర్చుంటే మిగతా పని ఎవరు చేస్తారని మేడమ్ అడిగిందట. మానేస్తానంటే, మానెయ్, అప్పుడు తట్టే చెయ్యి కూడా ఉండదు అందట. అదీ నిజమే.

తల్లులకి చెప్పొచ్చు కదా అన్నాను. ఎలా చెప్పను అంది. ఇప్పుడు ఆఖరి పిల్ల వెళ్లేదాకా ఆయాలు గది దాటకూడదట. భోజనాల వేళా, సాయంత్రం పిల్లల్ని అప్పగించేటప్పుడూ పక్కన మేడమ్ నిలబడుతోంది ఇప్పుడు, ఆ సీసా ఒంపేసినప్పట్నుంచి.

ఆమె దుప్పటి మడిచి నా ఒళ్లో పెట్టింది. అంచున కొత్త కుట్టు. ఆ ఆడపిల్లదట.

"ఇది తీసుకుని రేపు అయిదున్నరకి గేటు బయట నిలబడు. దుప్పటి చూసి వాళ్లమ్మే పోల్చుకుంటుంది, ఆమెకి నువ్వే ఇవ్వు. ఇంటికెళ్లేదాకా ఆగొద్దని చెప్పు, అక్కడే, గేటు దగ్గరే పిల్ల నోరు వాసన చూడమను. మిగతా తల్లులకి కూడా చెప్పు. నీకెలా తెలుసని అడుగుతారు, ఎవరో అన్నారనకు. జోజో అమ్మమ్మ చెప్పిందను. ఒకప్పుడు తనూ పోసిందట, అందుకే ఆ వాసన పోల్చుకోగలదట అని చెప్పు. ఆ ముక్క మింగెయ్యకు అమ్మాయ్. అది చెప్తేనే నమ్ముతారు. ఇక వెళ్లు, దిగేటప్పుడు ఆ బిళ్ల మెట్ల మీద పడకుండా చూసుకో."