తెలుపు మీద తెలుపు

ద్నీపర్ నది రెండు గట్లకూ ఒకే పడవవాడు చాలిన కాలంలో పుట్టి, అదే నది నడుమ కంటికి కనబడని గోడ లేచిన కాలంలో ఎనుబదవ ఏట అడుగుపెట్టి, ఈ రెంటి నడుమ ఊరి కచేరీ మీద మూడు జెండాలు మారినా తన సూదిలోని ఎర్రదారాన్ని మాత్రం మారనివ్వని మావ్రా అనే వృద్ధురాలు, ఆ వేసవిలో ఒక ఉదయం మనుమరాలి ఆటదుస్తుల మెడపట్టీని ఒడిలో పరచుకొని, పుట్టి బుద్ధెరిగిన నాటినుండి ఎన్నడూ చేయని పనికి, అనగా తాను కుట్టిన రక్షను తానే విప్పే పనికి, కత్తెర చేతబట్టి కూర్చున్నది.

మావ్రా చెల్లెలు తెక్లా, ఇప్పుడు వేరే దేశమైన అవతలి గట్టున కాపురముంటున్నది. పెళ్ళయిన నాటినుండి అక్కచెల్లెళ్ళకు ఒక ఒడంబడిక ఉన్నది. ప్రతి ఆదివారం ప్రార్థన ముగియగానే ఇద్దరూ తమ తమ కంచెల మీద ఎర్రపూల కుట్టు తువాలు ఆరవేస్తారు. క్షేమమని దాని అర్థం. అక్కమీద కోపం వచ్చిన వారం తెక్లా తువాలును తిరగవేసి, వెనుకవైపు ముడులు కనబడేలా వేసేది. ఆమె కోపాలకు లెక్కలేదు. మాట్లాడటం మానిన వారాలు ఉన్నాయి గాని, తువాలు వేయని వారం లేదు.

యుద్ధం వచ్చిన ఏట, మావ్రా దేశం దారి ఇచ్చిన పొరుగు రాజ్యపు దండు, ఆమె కంచె పక్కనుండే తెక్లా దేశం మీదికి దక్షిణానికి సాగిపోయింది. ఇనుపబండ్ల అదురుకు పూజమూలలోని దేవమాత పటం పక్కకు ఒరిగింది. నాటినుండి రేవులో పడవ లేదు. ఫోను చేస్తే రెండు ఇళ్ళకూ ముప్పు. మిగిలినవి తువాళ్ళే. అటక కిటికీనుండి, అడవి కావలిదారుగా పనిచేసిన భర్త మిగిల్చిన పాత దుర్భిణితో మావ్రా చెల్లెలి క్షేమాన్ని చదువుకొనేది.

కిందటి వసంతంలో గుమ్మడి విత్తులు నాటే వేళ ఆ ఇంటి కిటికీకి ఒట్టి తెల్లగుడ్డ కట్టి కనిపించింది. పోయిన ప్రాణి వెళ్ళలేక నలుబది దినాలు ఇంటిచుట్టూ తిరుగుతుందనీ, కన్నీరు తుడుచుకొనడానికి దానికొక తెల్లగుడ్డ కట్టాలనీ ఆ పల్లెల నియమం. తెక్లా మనుమడు తిమీష్ యుద్ధంలో ఒరిగిపోయాడని ఆ నోటా ఈ నోటా తెలిసింది. చిన్ననాడు ఈ రేవులోనే వసిలీనా చేతికి తెడ్డు ఇచ్చి పట్టు నేర్పినవాడు అతడే.

ఆ వసిలీనా, మావ్రా కూతురి బిడ్డ, ఇరవైమూడేళ్ళది, ఇప్పుడు ఒంటిమనిషి పడవ పందేలలో ప్రపంచపు పోటీకి ఎక్కబోతున్నది. దండుకు దారి ఇచ్చిన దేశం మీద నిషేధం ఉన్నందున దేశం పేరుతో కాదు. జెండా లేదు, గెలిచినా గీతం లేదు. యుద్ధాన్ని మెచ్చుతూ ఏనాడైనా ఒక్క మాట అన్నదా అని పాత రాతలన్నీ జల్లెడపట్టి, అనలేదని తేలిన మీదట, తటస్థురాలిగా రావచ్చని ఉత్తరం వచ్చింది. ఏ గుర్తూ లేని తెల్లని దుస్తులు ధరించాలన్నది అందులోని నియమం.

మెడపట్టీకి అమ్మమ్మ సూది తగలకుండా ఆ ఇంటినుండి ఎవరూ ప్రయాణమై వెళ్ళరు. అందుచేత వసిలీనా ఆవిరిస్నానానికి వెళ్ళిన అదను చూసి, మావ్రా మెడపట్టీ లోపల నాలుగు కొనల చేను, దాని నడుమ ఒక్క విత్తు, రక్షగా ఎర్రదారంతో కుట్టింది. సంగతి తెలియని పిల్ల దుస్తుల ఫొటోలు, లోపలివీ బయటివీ, తనిఖీకి పంపింది. మరునాడే జవాబు వచ్చింది.

"అమ్మమ్మా, ఏం పని చేశావ్?"

"లోపల కదే కుట్టింది! నీ మెడలోకి తొంగిచూస్తారా ఆ పెద్దమనుషులు? సిగ్గుండాలి!"

"చూశారుగా! మధ్యాహ్నంలోగా విప్పి మళ్ళీ ఫొటో పంపకపోతే పేరు కొట్టేస్తారట. ఆరేళ్ళు ఆ నీళ్ళలో పడి చచ్చింది ఇందుకా?"

"ఒట్టి తెల్లబట్టలో ఎట్టా పంపనే నిన్ను? తెక్లా కిటికీకి కట్టింది చూశావుగా. నా చేత్తో నీకదే తొడగనా?"

పింఛను ఇవ్వడానికి వచ్చిన తపాలా అగ్రపీనా గుమ్మంలోనే సంచి దించింది. "తెలుపు మీద ఎరుపంటే కచేరీ మీంచి దించేసిన పాత జెండా రంగులు; అక్కడోళ్ళకే కాదు, ఇక్కడోళ్ళకీ కంట్లో నలుసే మావ్రా! పోనీలే, ఆ బట్టకి జేబుల్లేవు. ఉంటే వాటిలో కూడా కుట్టేదానివి!"

"నీ నోటికి కూడా రెండు కుట్లు వేస్తా, ఉండు."

వసిలీనా నవ్వలేదు. నేలమీద కూర్చుని అమ్మమ్మ మోకాలికి తల ఆనించింది. "నేను పోతే తెక్లా అమ్మమ్మ ఏమనుకుంటుంది? తిమీష్ లేడు. నేనేమో పడవెక్కి పందేలాడుతున్నా."

మావ్రా ఆ తలను నిమిరింది. "కోప్పడుతుంది. కోప్పడే హక్కు దానికుంది తల్లీ. నువ్వు మాత్రం సిగ్గుపడే పని చెయ్యలేదు. రెండూ నిజమే."

పిదప ఆమె కత్తెర ఎత్తింది. ఎర్రదారపు తునకలు గోరింట రేకులవలె ఒడిలో రాలుతున్నాయి. కిటికీ వెలుపల నది పొగమంచును కప్పుకొని ఇంకా మేలుకొనలేదు. ఆ మంచులో ఇద్దరు పిల్లలు ఒకే పడవలో అటునుండి ఇటు వస్తున్నట్టు, తెడ్డు ముంచిన ప్రతిసారీ నీరు వారి పేర్లు పలుకుతున్నట్టు, పడవ ఎంతకూ గట్టు చేరనట్టు ఆమెకు తోచింది. ఆఖరి పోగు ఊడివచ్చింది.

అప్పుడు చూసింది. దారం పోయినా సూదిచుక్కలు పోలేదు. నాలుగు కొనలూ, నడుమ విత్తూ, వెలుతురులో చుక్కలు చుక్కలుగా నిలిచే ఉన్నాయి. పెద్ద ఉపవాస దినాలలో గుడి పీఠానికి పరచే బట్టను తన తల్లి తెలుపు మీద తెలుపుతోనే కుట్టేది. ఎవరికీ కనబడదేమని అడిగితే, రంగు మనుషుల కోసం, దేవుడు వేలితో తడిమి చదువుకుంటాడు అనేది. మావ్రా తెల్లదారం ఎక్కించి, అవే చుక్కలలో సూదిని దించింది.

"ఈసారి చెప్పే పంపవే. దొంగతనం వద్దు."

వసిలీనా ఉన్నదున్నట్టు రాసి, ఫొటో జతచేసింది. మధ్యాహ్నానికి కొద్దిగా ముందు జవాబు వచ్చింది: అభ్యంతరం లేదు.

పందెం నాడు అగ్రపీనా ఫోనులో ఆమె, మావ్రా ఇద్దరూ తలలు ఆనించి చూశారు. తక్కినవారిని దేశాలతో పిలిచి, వసిలీనాను మాత్రం ఉత్త పేరుతో పిలిచారు. అంత్యదినాన పరమాత్మ మనుషులను పిలిచేది ఇట్లే కాబోలునని మావ్రా తలగుడ్డ కొన కళ్ళకద్దుకొన్నది. గంట మోగే ముందు పిల్ల చూపుడువేలు మెడపట్టీని ఒకసారి తడిమింది. పడవముక్కంత తేడాలో పతకం తప్పి, నాలుగవదిగా వచ్చింది.

"నాలుగోది!" అన్నది అగ్రపీనా నిట్టూర్చి.

"నాలుగు కొనలు కుట్టాగా!" అన్నది మావ్రా.

ఆదివారం ప్రార్థన కాగానే ఆమె ఒక్కొక్క మెట్టే పట్టుకొని అటక ఎక్కింది. కంచె ఖాళీగా ఉంటే ఈ జన్మకు చెల్లెలు లేనట్టే. మంచు తొలగింది. కంచెమీద తువాలు ఉన్నది. తిరగవేసి ఉన్నది. ఎర్రని ముడులన్నీ నదివైపే చూస్తున్నాయి.

"కోపంగా ఉందే నా బంగారుతల్లి!" అని మావ్రా ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ తన తువాలు తీసుకొని మెట్లు దిగింది.

ఆ తల్లి సూదికి తుప్పు సోకకుండు గాక. ఆమె పూజమూలలో దీపం కొండెక్కకుండు గాక. నీటిమీద తిరిగే ఆ బిడ్డ క్షేమంగా గట్టు చేరు గాక. తెల్లగుడ్డ కట్టిన కిటికీకి మరల అట్టి గుడ్డ కట్టే దినం రాకుండు గాక. రెండు గట్ల మీది ఆ ఒక్క ఇల్లు చల్లగా ఉండు గాక.