ఆగిరిపల్లి వెళ్ళిన బిస్కెట్ పిండి

ఓవెన్ లేకుండానే బేకింగ్ నేర్చేసుకున్న ఘనత మా జిల్లా మొత్తంలో నాకొక్కదానికే దక్కుతుందని ఆ రోజుల్లో నా గట్టి నమ్మకం. అప్పుడు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఫోన్‌లో వీడియోలు చూసి చూసి వెన్న, మైదా, పంచదార కలిపి, చాక్లెట్ ముక్కలు చేసి అందులో వేసి, ముద్ద చేయడం దాకా వచ్చాను. కాల్చడానికే ఏమీ లేదు. నాన్నది మామిడికాయల వ్యాపారం. ఏది అడిగినా "సీజన్ అయిపోనీయమ్మా, చూద్దాం" అనేవారు. (నాకు తెలిసి మా ఇంట్లో సీజన్ ఎప్పుడూ అయిపోలేదు.) పిండిని ఫ్రీజర్‌లో పెడితే నెలల తరబడి ఉంటుందని, కావలసినప్పుడు తీసి కాల్చుకోవచ్చని వీడియోలో అమ్మాయి చెప్పింది. ఇంకేం, ముద్దని స్టీలు డబ్బాలో పెట్టి మామిడి గుజ్జు పాకెట్ల వెనక దాచేశాను. దాచడం ఎందుకంటే, అమ్మ కంటపడితే "అరకిలో వెన్న ఏమైందే?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పాలి మరి.

సరిగ్గా అప్పుడే, పెళ్ళయ్యాక మొదటిసారి మామిడిపళ్ళు తినడానికని వచ్చిన అక్క ఆగిరిపల్లిలోని అత్తారింటికి ప్రయాణమైంది. ఆడపిల్ల వెళ్తుంటే చలిమిడి పెట్టి పంపాలి కదా. తడి బియ్యప్పిండిని బెల్లం పాకంలో కలిపిన ఆ ముద్దని అత్తగారు వీధంతా పంచుతారు. పుట్టింటి మర్యాద దాన్నిబట్టే. పైగా అక్క అత్తగారు పెళ్ళిలో "లడ్డూ కాస్త చిన్నదైందేమో" అన్న ఒక్క మాటని అమ్మ ఇంకా మర్చిపోలేదు. అందుకే ముందురోజే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చలిమిడి చేసి ఫ్రిజ్‌లో ఉంచింది. కారెక్కే హడావిడిలో నానమ్మతో "ఫ్రిజ్‌లో చలిమిడి డబ్బా ఉంది, తెచ్చివ్వండి అత్తయ్యా" అంది.

కారు వెళ్ళిపోయిన గంటకి నా పిండిని ఓసారి చూసుకుందామని ఫ్రీజర్ తీశాను. డబ్బా లేదు. కింది అరలో అమ్మ చేసిన చలిమిడి మాత్రం చెక్కు చెదరకుండా కూర్చునుంది.

"నానమ్మా! పైన ఉన్న డబ్బా ఏదే?"

"అదేగా ఇచ్చింది! ఎండలకి పాడవకుండా మీ అమ్మ ఐసులో పెట్టిందనుకున్నా. రాయిలా ఉందే, పాకం ముదిరిపోయిందేమో!"

మొదట బాధేసింది నా పిండి గురించే, అబద్ధమెందుకు. అక్క తర్వాత గుర్తొచ్చింది. పచ్చి బిస్కెట్ పిండిని సారెగా పంపారని తెలిస్తే, పాపం, ఆ దెప్పులు అది జన్మంతా వినాలి. ఎవరికీ చెప్పకుండా అసలు డబ్బా స్కూటీలో పెట్టుకుని బయల్దేరాను. దారంతా మామిడికాయల ట్రాక్టర్లే. ఒక్కటీ పక్కకి తప్పుకోదు!

ఆగిరిపల్లి చేరేసరికి అక్క అత్తగారు వసారాలో కూర్చుని, చుట్టూ చేరిన ఆడవాళ్ళకి గరిటెతో నా పిండి పంచేస్తున్నారు. అక్క గుమ్మానికి అంటుకుపోయి నిలబడింది.

"మధ్యలో ఈ నల్లముక్కలేంటండీ?" అంది ఒకావిడ.

"ఖర్జూరాలండీ," అన్నాను ఆయాసపడుతూ. "మా నూజివీడు వైపు ఇలాగే చేస్తారు." (గంట దారికి, ఏదో సముద్రాలు దాటి వచ్చినట్టు!)

"ఎంత బాగుందో! అచ్చం వెన్నలా ఉంది," అంది ఇంకొకావిడ. ఉండదూ మరి, అరకిలో వేశాను!

అత్తగారు నన్నూ, నా చేతిలో డబ్బానీ చూశారు. "అది లోపల పెట్టిరామ్మా" అని మళ్ళీ గరిటె అందుకున్నారు. బతికిపోయాం అనుకున్నాను.

ఆ తర్వాత అక్క ఎప్పుడు వెళ్ళినా ఆ వీధికి నల్లముక్కల చలిమిడే కావాలి. చివరికి ఓవెన్ కూడా వచ్చింది గానీ, అందులో నా బిస్కెట్ ఒక్కటీ కాలలేదు. పిండంతా ఆగిరిపల్లికే!

కొన్నేళ్ళకి నా పెళ్ళయింది. అప్పగింతలయ్యాక అక్క అత్తగారు నన్ను పక్కకి పిలిచి, చల్లటి స్టీలు డబ్బా ఒకటి చేతిలో పెట్టారు.

"మీ అక్కనడిగి నేనే కలిపాను. ఫ్రీజర్‌లో పెట్టుకో. ఈసారైనా కాల్చుకుని తిను."

"మీకు... ఎప్పుడు తెలిసిందండీ?"

"చలిమిడి ఎక్కడైనా ఎండకి కరిగి కారుతుందటే? డబ్బా మూత తీసేసరికి మీ అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేలోపు నేనే గరిటె తీసుకుని పంచేశాను." వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఖర్జూరాలట, ఖర్జూరాలు!" అన్నారు.

ఇప్పుడు మా ఫ్రీజర్‌లో ఎప్పుడూ ఒక డబ్బా ఉంటుంది. అది తీసినప్పుడల్లా, అక్కని కాపాడేస్తానని ట్రాక్టర్ల మధ్య హారన్ కొట్టుకుంటూ వెళ్ళిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. పిచ్చి మొద్దు! అది ఊరు దాటకముందే అక్కడ అక్కని కాపాడటం అయిపోయింది.